మళ్లీ ఖాళీ అయిన కుర్చీలు

చివరి పేజీ

బందరులో ఒక దినపత్రిక కార్యాలయంలో, చిన్న ప్రకటనల కౌంటరు దగ్గర నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. జిల్లా అనుబంధంలో చివరి పేజీ నాది. కావలెను, అమ్మబడును, అద్దెకు ఇవ్వబడును, పెళ్లి సంబంధాలు, శ్రద్ధాంజలి. ఈ ఐదు మాటల కింద గుడివాడ నుంచి నాగాయలంక దాకా ఉన్న మనుషులు తమకేం కావాలో, ఏం అక్కర్లేదో, తమలో ఎవరు పోయారో కాగితం మీద రాసి నా చేతికిచ్చేవారు. నేను పదాలు లెక్కపెట్టి, తప్పులు దిద్ది, అచ్చుకు పంపేదాన్ని.

ఈ మధ్య మా చర్చికి వచ్చే ఒక అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగ ప్రకటనలన్నీ కంప్యూటరు మీద పోగుచేసి, ఏ పనికి గిరాకీ పెరుగుతోంది, దేనికి తగ్గుతోంది అని చెప్పడం వాళ్ల కంపెనీ పనట. "మీరు ఇదే పని చేత్తో చేసేవారట కదా ఆంటీ, ఎలా చేసేవారు?" అని అడిగింది. చర్చి మెట్ల మీద నిలబడి చెప్పేంత చిన్న మాట కాదది. ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు.

నా పేరు సుగుణ. మాది ఘంటసాల. నాన్న మిషన్ బడిలో పంతులు. డిగ్రీ కాగానే ఈ కౌంటరులో చేరాను. చేరిన మొదటి నెలలోనే ఒక రైసు మిల్లువారి 'నమ్మకమైన గుమాస్తా కావలెను' ప్రకటనను పొరపాటున పెళ్లి సంబంధాల కింద వేయించాను. వారం తిరక్కుండా మిల్లుకు పదకొండు జాతకాలు వచ్చాయి. యజమాని వాటిని సంచిలో వేసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "వీళ్లలో లెక్కలు వచ్చినవాళ్లెవరో మీరే చూసి చెప్పండమ్మా" అన్నాడు. కోప్పడలేదు. అప్పటిదాకా నాకు ప్రకటన అంటే అక్షరాలే. దానికి అవతల ఎదురుచూసే మనుషులు ఉంటారని ఆ సంచి చూశాకే తెలిసింది.

మధ్యాహ్నాలు కౌంటరుకు ఎవరూ వచ్చేవారు కాదు. సముద్రం గాలి ఊళ్లోకి దారి వెతుక్కుంటూ వచ్చి, మా కిటికీ తెరను ఒకసారి కదిపి వెళ్లిపోయేది. ఆ వేళల్లో నేను 'కావలెను'లన్నీ కత్తిరించి, మైదా జిగురుతో పొడవాటి నోటు పుస్తకాల్లో అతికించుకునేదాన్ని. ఎవరో చెప్పిన పని కాదు. ఉయ్యూరులో బట్టల దుకాణానికి చురుకైన సేల్స్‌మన్ కావాలని ఉంటే, ఆ చురుకైనవాడు పొద్దున్నే బస్సు దిగి, షట్టరు పైకెత్తి, మడత పెట్టిన చీరల వాసన పీల్చుకోవడం నాకు కనిపించేది. అవనిగడ్డలో నర్సు కావాలని ఉంటే, తెల్లబట్టల్లో ఒకామె వరండాలో నడిచి వెళ్లేది. ఎవరో ఇంకా తెలియని మనుషులు, ఇంకా రాని ఉద్యోగాల్లోకి నా ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లేవారు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, అందులో నాకు చాలా ఆనందం ఉండేది. ఆ ఆనందమే తర్వాత నన్ను తప్పుదారి పట్టించింది.

చక్రాలు ఆగిన చెరువు

మా మేనేజరు సుబ్బారావు గారు ఒకరోజు ఆ పుస్తకాలు చూశారు.

"ఏంటమ్మా ఇవి?"

"ఎవరికి ఎవరు కావాలో చూస్తున్నానండీ."

"ఏం కనపడుతోంది?"

"మిల్లు గుమాస్తాలు తగ్గిపోతున్నారండీ. రొయ్యలవాళ్లు పెరుగుతున్నారు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి వారానికొకసారి ఆ పుస్తకం ఆయన చూడాలి, నేను చెప్పాలి.

అవి తొంభైల నాటి రొయ్యల సంవత్సరాలు. వరి పండే నేలలు చెరువులయ్యాయి. బందరు నుంచి ఏ వైపు బస్సెక్కినా, రొయ్యలకు గాలి ఆడేందుకు నీళ్లలో తెల్లటి నురగ రేపుతూ తిరిగే చక్రాలు కనిపించేవి. నా చివరి పేజీ నిండా ఆ నురగే. చెరువులకు టెక్నీషియన్లు కావలెను. సొంత మోటారు సైకిలు ఉన్న మేత కంపెనీ ప్రతినిధులు కావలెను. కాపలాదారులు, డ్రైవర్లు, ఐసు ఫ్యాక్టరీకి ఆపరేటర్లు. ఒక ఏడాదిలో అన్ని కొత్త ఉద్యోగాల పేర్లు ఎన్నడూ రాయలేదు నేను. టెక్నీషియన్ కోర్సు నేర్పుతామని ఊళ్లో బోర్డులు లేచాయి.

తర్వాత ఒక సంగతి గమనించాను. 'కావలెను' కింద టెక్నీషియన్లు ఎప్పటిలానే వస్తున్నారు. కానీ పక్క వరసలో, 'అమ్మబడును' కింద, జనరేటర్లు రావడం మొదలైంది. మొదటి వారం ఒకటి. తర్వాతి వారం మూడు. ఆ పై వారం జనరేటర్లతో పాటు నీళ్లు చిలికే చక్రాలు కూడా. మనుషుల్ని పిలుస్తూనే, ఆ మనుషులు పనిచేయాల్సిన సామాను అమ్ముతున్నారు. మూడు వారాలు చూసి, నాలుగో వారం భయంభయంగా సుబ్బారావు గారికి చెప్పాను.

ఆయన పుస్తకం మూసి, "రేపు బస్సెక్కి వెళ్లి ఒక చెరువు చూసిరా" అన్నారు.

వెళ్లాను. సముద్రం వైపు దారి. చెరువు గట్టు మీద ఒక ముసలి కాపలాదారు తప్ప ఎవరూ లేరు. చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. నురగ లేని నీళ్లలో ఆకాశం కదలకుండా పడి ఉంది. అంత అందమైన చోటు నేను చాలా రోజులుగా చూడలేదు. ఆ అందం చూసే నాకు భయమేసింది.

"రొయ్యలేవి తాతా?" అని అడిగాను.

"తెల్లమచ్చ రోగం వచ్చిందమ్మా. రెండు రోజుల్లో అన్నీ చచ్చి ఒడ్డుకొచ్చేశాయి" అన్నాడు. "నన్ను మాత్రం ఉండమన్నారు. ఏది కాపలా కాయాలో చెప్పలేదు."

తిరిగొచ్చి చెప్పాను. సుబ్బారావు గారు నా పుస్తకం మళ్లీ తెరిచారు.

"నువ్వు మూడు వారాల కిందటే చూశావు. ఎందుకు చెప్పలేదు?"

"తప్పైతే ఏమవుతుందోనని అండీ."

"తప్పైతే మర్నాడు సవరణ వేస్తాం. అసలు చెప్పకపోతే ఏం వేస్తాం?"

ఆ మూడు వారాల్లో టెక్నీషియన్ కోర్సులో ఎందరు చేరారో నాకు తెలియదు. తెలియదు కాబట్టే ఆ సంగతి ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

ఆ నెల నుంచే ఆయన నా చేత వారానికొక చిన్న శీర్షిక రాయించడం మొదలుపెట్టారు. మన ప్రాంతంలో ఈ వారం ఎవరికి గిరాకీ ఉంది, ఎవరికి తగ్గింది. అరచేతి మేర. పేరు వేయలేదు, 'ప్రకటనల విభాగం నుంచి' అని మాత్రం ఉండేది. కొత్తవాళ్లకు ఇక్కడొక మాట. ఒక వరసను ఒంటరిగా చదవకండి. ఉద్యోగాల వరస చదివేటప్పుడు అమ్మకాల వరస పక్కనే పెట్టుకోండి. మనుషుల్ని పిలిచేవాడు ఏమేం వదిలించుకుంటున్నాడో కూడా చూడండి.

ఆ కుర్చీ నాదండీ

సుబ్బారావు గారు పదవీ విరమణ చేసి ఉయ్యూరు వెళ్లిపోయారు. ఆయన స్థానంలో ప్రభాకర్ గారు వచ్చారు. నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. అప్పటికి రొయ్యలు పోయి, నా చివరి పేజీని ఇంగ్లీషు మీడియం బడులు నింపుతున్నాయి. గుడివాడ, పెడన, ముదినేపల్లి, చల్లపల్లి, ఎక్కడ చూసినా బడులే. ప్రతి మే నెలలో లెక్కల టీచర్లు, సైన్సు టీచర్లు, హాస్టలు వార్డెన్లు కావలెను. ఏటికేడు ఆ కత్తిరింపులు పెరుగుతూ పోయాయి. నా పుస్తకాలు లావెక్కాయి.

మూడు వారాలు ఆలస్యం చేసిన పాఠం నాలో బాగా నాటుకుపోయింది. ఈసారి ఆలస్యం చేయకూడదనుకున్నాను. 'మన ప్రాంతంలో ఉపాధ్యాయులకు గిరాకీ అంతకంతకూ పెరుగుతోంది. లెక్కలు, సైన్సు చదివినవారు ధైర్యంగా ఈ వృత్తిలోకి రావచ్చు' అని రాశాను. ఆ 'ధైర్యంగా' అనే మాట నాదే. రాస్తున్నప్పుడు పొలాల మధ్య తెల్లటి బడులు, కిటికీల్లోంచి ఎక్కాలు వినిపించడం, సైకిళ్ల మీద వస్తున్న కొత్త టీచర్లు, అన్నీ నా కళ్ల ముందు తేలాయి.

రెండున్నరేళ్ల తర్వాత, ఒక మే నెల మధ్యాహ్నం, ఒక అమ్మాయి కౌంటరు దగ్గరికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చి ముఖం కందిపోయింది. ముందురోజు పేపరు మడిచి చేతిలో పట్టుకుంది.

"ఈ ప్రకటన ఎవరిచ్చారో చెప్తారా అండీ?"

గుడివాడలో ఒక పెద్ద బడి ప్రకటన. ఉన్నత తరగతులకు లెక్కల టీచరు కావలెను. రెండు రోజుల కిందట నేనే తీసుకున్నాను.

"బడివాళ్లే ఇచ్చారమ్మా. నువ్వు దరఖాస్తు చేస్తావా? చిరునామా కిందనే ఉంది చూడు."

"దరఖాస్తు ఎందుకండీ. ఆ కుర్చీ నాదండీ. నేను మానలేదు."

నాకు అర్థం కాలేదు. లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చాను. ఆమె పేరు నాగలక్ష్మి. దివిసీమలో, నాగాయలంక దాటి, బల్లకట్టు లాంటి పంటు మీద ఏరు దాటితే వచ్చే ఊరు. నాన్న, అన్న సముద్రం మీద వేటకు వెళ్తారు. అమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. ఆ ఊళ్లో బీఎస్సీ, ఆ పైన బీఈడీ చదివిన మొదటి ఆడపిల్ల ఈమె. కిందటి జూన్‌లో ఆ బడిలో చేరింది. ఏప్రిల్లో సెలవులిచ్చేటప్పుడు "జూన్‌లో కలుద్దాం" అన్నారట. ఊరెళ్లింది. ముందురోజు సాయంత్రం కొట్లో ఏదో చుట్టి ఇచ్చిన పేపరులో తన ఉద్యోగం 'కావలెను' కింద కనిపించింది.

"పిల్లల మార్కులు బాగా వచ్చాయండీ. నా మీద ఫిర్యాదు కూడా లేదు. బడికెళ్తే, కరస్పాండెంట్ గారు ఊళ్లో లేరన్నారు. అందుకే ఇక్కడికొచ్చాను. పేపరువాళ్లకి తెలుస్తుందేమోనని."

బడి యజమానిని అందరూ కరస్పాండెంట్ గారనే పిలిచేవారు. ఆయన నాకూ తెలుసు. ఏటా మా పత్రికలో అడ్మిషన్ల ప్రకటన పెద్దది వేయించే మనిషి.

"ఈ ఉద్యోగంలోకి రావాలని ఎందుకనుకున్నావమ్మా?" అని అడిగాను. మాట కలపడానికే అడిగాను.

ఆమె పర్సులోంచి ఒక చిన్న కత్తిరింపు తీసింది. మడతల దగ్గర అరిగిపోయి ఉంది. 'ధైర్యంగా ఈ వృత్తిలోకి రావచ్చు.'

"బ్యాంకు పరీక్షలకి కూర్చుందామనుకున్నానండీ. ఇది చదివి బీఈడీలో చేరాను" అంది.

అది రాసింది నేనేనని ఆ పూట చెప్పలేకపోయాను. ఆమె వెళ్లాక నా నోటు పుస్తకాలన్నీ కిందకు దించాను. ఆ బడి పేరు వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాను. నాలుగు మే నెలల్లోనూ అదే లెక్కల టీచరు. మధ్యలో ఒక దసరా తర్వాత కూడా అదే. ఇంకో మూడు నాలుగు బడులు కూడా అంతే. నేను ఐదు ఉద్యోగాలని లెక్కపెట్టింది ఒకే కుర్చీని. గిరాకీ పెరిగిందని రాశాను. అక్కడ పెరిగింది గిరాకీ కాదు, కూర్చున్నవాళ్లను లేపడం.

పంటు దాటిన ఆదివారం

ఆ ఆదివారం చర్చికి వెళ్లలేదు. తెల్లవారుజామున బయల్దేరి అవనిగడ్డ బస్సెక్కాను. అక్కడి నుంచి నాగాయలంక, ఆటో, రేవు. ఏటి మీద పొగమంచు లాంటి తేమ. పంటు మీద బైకులు, బుట్టలు, మేకలు, మనుషులు. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. మధ్యలోకి వచ్చాక వెనక ఒడ్డు కనపడలేదు, ముందు ఒడ్డూ కనపడలేదు. కాసేపు నేనెవరో, ఎందుకు వెళ్తున్నానో కూడా ఆ తెల్లదనంలో కరిగిపోయినట్టు అనిపించింది. అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది. పంటు ఒడ్డును తాకింది.

నాగలక్ష్మి వాళ్లమ్మ నాంచారమ్మ ఇసక మీద ఎండు చేపలు తిరగేస్తోంది. నేనెవరో చెప్పాను.

"పేపరు అమ్మగారా? కూర్చోండి. పిల్ల తుపాను షెల్టర్లో ఉంది, చిన్నపిల్లలకి లెక్కలు చెప్తోంది. వస్తుంది."

నేను అక్కడే కూర్చున్నాను. నా ముందే ఒక పడవ యజమాని నడుచుకుంటూ వచ్చి, వల బాగుచేసుకుంటున్న ఒకతనితో, "రేపు వస్తావా బావా?" అన్నాడు. అతను తల ఎత్తకుండానే "వస్తాలే" అన్నాడు. అంతే. ఇంకో పక్క నాంచారమ్మ, దారిన పోతున్న ఇద్దరు ఆడవాళ్లను పిలిచి, "ఎల్లుండి బందరు లోడు ఉంది, చెయ్యేస్తారా?" అని అడిగింది. వాళ్లు ఆగి, నవ్వి, సరేనన్నారు.

ఇన్నేళ్లుగా దిగువ కృష్ణ అంతా నా పుస్తకాల్లో ఉందనుకున్నాను. ఆ ఒడ్డు మీద గంటసేపట్లో ఏడెనిమిది మందికి పని దొరికింది. ఒక్కరికీ ప్రకటన లేదు. ఈ వేటవాళ్లు, పొలాల్లో నాట్లువేసేవాళ్లు, చేపల చెరువుల దగ్గర వలలు లాగేవాళ్లు, ఊళ్లకు ఊళ్లే నా లెక్కలో లేరు. కొత్తవాళ్లకు ఇది కూడా చెప్పాలి. ప్రకటనల్లో కనిపించేది పని చేసే లోకంలో ఒక మూల. మిగతాది మాట మీద నడుస్తుంది. మీ కంప్యూటరు దానిని చూడలేదని మర్చిపోతే, మీరు చెప్పేదంతా ఆ మూల గురించే అవుతుంది.

నాగలక్ష్మి వచ్చింది. ఇసక మీద పక్కపక్కన కూర్చున్నాం.

"ఆ ముక్క రాసింది నేనేనమ్మా" అన్నాను. "తప్పు లెక్కపెట్టాను." ఎలా లెక్కపెట్టానో, ఎక్కడ పొరపడ్డానో మొత్తం చెప్పాను.

 ఏదో గట్టిగా అంటుందనుకున్నాను.

"బడి రిజిస్టర్లు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సిందండీ" అంది. "పాత హాజరు పట్టీలు తిప్పితే ఒక్కో ఏడాదికి ఒక్కో చేతిరాత. నా ముందు ముదినేపల్లి నుంచి జయమ్మ అని వచ్చేవారు. ఆమెకు ముందు గుడ్లవల్లేరు రాజశేఖర్ గారు. వాళ్లే మానేశారనుకున్నాను. వాళ్లు కూడా నాలాగే పేపరులో చూసుకుని ఉంటారు కదండీ."

"వాళ్లని కలుస్తావా?"

"కలుస్తాను" అంది. "ఒక్కదాన్నే వెళ్తే నాలో ఏదో లోపం ఉందంటారు. ముగ్గురం వెళ్తే ఏమంటారో చూడాలి."

నాంచారమ్మ మా ఇద్దరికీ చేపల పులుసుతో అన్నం పెట్టింది. నేను వచ్చేటప్పుడు, "మా పిల్ల చదువు వృథా పోదు కదమ్మగారూ?" అని అడిగింది.  పోదని మళ్లీ తొందరపడి చెప్పే ధైర్యం నాకు లేదు.

రెండు లెక్కలు

సోమవారం ప్రభాకర్ గారి గదిలోకి వెళ్లి సవరణ వేయాలన్నాను. ఆయన మొత్తం విన్నారు. పుస్తకాలు తిరగేశారు.

"మీరు చెప్పేది నిజమేనండీ. కానీ ఆ బడి పేరు మనం రాయలేం. ఎందుకో మీకు తెలుసు."

"పేరు రాయను."

"సవరణ అంటే తప్పు చేశామని ఒప్పుకోవడం. పై వాళ్లు ఊరుకోరు."

సుబ్బారావు గారైతే ఏమనేవారో నాకు తెలుసు. ఆయన ఇప్పుడు ఇక్కడ లేరు. నేను వాదించలేదు. బయటికొచ్చి, ఆ వారం శీర్షిక రాసేటప్పుడు లెక్క మార్చాను. అప్పటిదాకా ఒకే లెక్క ఉండేది. ఇప్పుడు రెండు చేశాను. 'ఈ వారం కొత్తగా వచ్చిన కుర్చీలు' అని ఒకటి. 'మళ్లీ ఖాళీ అయిన కుర్చీలు' అని ఒకటి. నిన్నటిదాకా లేని ఉద్యోగం అయితే మొదటిదాంట్లో. ఏడాది లోపల అదే ఉద్యోగానికి మళ్లీ ప్రకటన వస్తే రెండోదాంట్లో. ఎవరి పేరూ లేదు, ఏ మాటా లేదు. ఊరి పేరు మాత్రం వేశాను.

ప్రభాకర్ గారు చదివి అలాగే అచ్చుకు పంపారు. అర్థం కాలేదేమో అనుకున్నాను. అర్థమైందని తర్వాత తెలిసింది.

వారాలు గడిచాయి. గుడివాడ పక్కన రెండో లెక్క ఎప్పుడూ మొదటిదానికంటే పెద్దదిగా ఉండేది. బస్సుల్లో, టీ కొట్ల దగ్గర ఆ శీర్షిక చదివేవాళ్లు నాకు కనిపించేవారు. దసరాకు ముందు ఒకరోజు కరస్పాండెంట్ గారు స్వయంగా కౌంటరుకు వచ్చారు. తెల్లటి పంచె, మెత్తటి గొంతు. ఆయన చెడ్డ మనిషని నేను ఇప్పుడు కూడా అనుకోను.

"సుగుణమ్మ గారూ, ఆ మళ్లీ ఖాళీ అయిన కుర్చీలు మావేనా?"

"నేను ఎవరి పేరూ రాయలేదండీ."

"రాయకపోయినా తల్లిదండ్రులు చదువుకుంటున్నారు. మొన్న మీటింగులో ఒకాయన లేచి, మా అబ్బాయికి మూడేళ్లలో ముగ్గురు లెక్కల టీచర్లెందుకండీ అని అడిగాడు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు ఆ మాట."

"మీరేం చెప్పారండీ?"

ఆయన కౌంటరు చెక్కను వేలితో రుద్దారు. "వేసవిలో బడి ఉండదు కదమ్మా. బడి లేనప్పుడు జీతాలిచ్చి మనుషుల్ని ఉంచడం ఎందుకనే అనుకున్నాను. అందరూ అలాగే చేస్తున్నారు. ఇందులో ఆలోచించాల్సింది ఉందని తట్టలేదు."

"ఆ వేసవి వాళ్లకి కూడా ఉంటుంది కదండీ" అన్నాను.

ఆయన ప్రభాకర్ గారి గదిలోకి వెళ్లారు. ఆ నెలాఖరుకు నా శీర్షిక ఆగిపోయింది. నన్ను శ్రద్ధాంజలి ప్రకటనలకు మార్చారు. ప్రభాకర్ గారే వచ్చి చెప్పారు. "క్షమించండి. ఆ రెండో లెక్క ఎవరిదో నాకు మొదటి వారమే తెలుసు" అన్నారు. నేను ఆయన మీద కోపం పెట్టుకోలేదు. కానీ ఆయన చేసింది సరైందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. రెండూ ఒకే మనసులో ఉంటాయి, ఉద్యోగం చేసినవాళ్లకు తెలుస్తుంది.

శ్రద్ధాంజలి బల్ల మరీ నెమ్మదిగా ఉండేది. చనిపోయినవాళ్ల ఫోటోలు తెచ్చి, కళ్లు తుడుచుకుంటూ, మాటలు వెతుక్కునేవారు. "ఏం రాయమంటారండీ?" అని నన్నే అడిగేవారు. ఆయన ఏం పని చేసేవారని అడిగేదాన్ని. ముప్పై ఏళ్లు ఒకే మిల్లులో, ఒకే రేవులో, ఒకే బడిలో అని చెప్పేవారు. ఆ ఒకే అనే మాట దగ్గర నా కలం ఆగేది.

మే నెల

ఆ శీతాకాలంలో నాగలక్ష్మి, జయమ్మ, రాజశేఖర్ గుడివాడ బస్టాండులో కలుసుకుని, కలిసే బడికి వెళ్లారు. ఒకే కుర్చీలో కూర్చున్న ముగ్గురు మనుషులు ఆ గదిలో మొదటిసారి ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. నాగలక్ష్మి నాకు ఉత్తరం రాసింది. 'మాకోసం అడగడానికి రాలేదండీ, ఇప్పుడున్న టీచరుని వేసవిలో ఉంచమని అడగడానికి వచ్చాం అని చెప్పాం. కరస్పాండెంట్ గారు టీ తెప్పించారు. అవునని అనలేదు, కాదని అనలేదు' అని ఉంది అందులో.

ఆమెకు ఆ బడిలో మళ్లీ ఉద్యోగం రాలేదు. ఇది సరిగ్గా చెప్పాలి. అడిగినవాళ్లను పిలిచి కూర్చోబెట్టే రివాజు ఎక్కడైనా తక్కువే. అయితే సంక్రాంతి దాటాక ఒకరోజు పంటు మీద, అవనిగడ్డలో బడి నడిపే ఒక హెడ్‌మిస్ట్రెస్ గారు నాంచారమ్మ పక్కన నిలబడ్డారట. తుపాను షెల్టర్లో పిల్లలు లెక్కలు చెప్పుకోవడం ఆమె అంతకుముందే ఊళ్లో విన్నారు, ఎవరు నేర్పుతున్నారని నాంచారమ్మను అడిగారు. పంటు ఒడ్డు చేరేలోపల మాట అయిపోయింది. నాగలక్ష్మి ఇప్పటికీ ఆ బడిలోనే ఉంది. ఆ ఉద్యోగం ఏ పేపరులోనూ పడలేదు.

తర్వాత మే వచ్చింది. నా బల్ల కాకపోయినా, రోజూ పొద్దున ముందు చివరి పేజీ చూసేదాన్ని. మొదటి వారం గుడివాడ బడులు మూడు వచ్చాయి, ఆ బడి మాత్రం లేదు. రెండో వారం లేదు. ఆలస్యం చేశారేమో అనుకున్నాను. వేరే పత్రికలు కూడా కొని చూశాను. మూడో వారం ఎండ మండిపోతోంది. ప్రకటన లేదు. అడ్మిషన్ల ప్రకటన మాత్రం ఎప్పటిలా పెద్దదిగా వచ్చింది.

జూన్ మొదట్లో ప్రభాకర్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"ఈ ఏడాది ఆ బడివాళ్లు లెక్కల టీచరు కోసం వేయించలేదండీ. వేరే పేపరుకు వెళ్లిందా?"

"ఎక్కడా రాలేదండీ. అన్నీ చూశాను."

"అయితే ఏడాది నివేదికలో టీచర్లకు గిరాకీ తగ్గిందని రాయాలి కదా?"

"అంకె తగ్గిందని రాయండి" అన్నాను. "కానీ మనుషులు నిలిచారండీ అక్కడ. దానికి మన దగ్గర వరస లేదు."

ఆయన తల ఊపి, లేచి వెళ్లారు. నివేదికలో ఏం రాశారో నేను అడగలేదు.

బడి తెరిచిన రోజు సాయంత్రం జయమ్మ ఫోన్ చేసింది. తనకు తెలిసినవాళ్ల పిల్ల ఆ బడిలో తొమ్మిదో తరగతి. లెక్కల పీరియడుకు పోయినేటి టీచరే గదిలోకి వచ్చిందట. పిల్లలు లేచి నిలబడ్డారట. కొత్త టీచరు వచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఆ రోజు ఎవరూ అడగలేదట. ఆమె పేరు వాళ్లకు ముందే తెలుసు.